చెట్టులో లేని కొమ్మ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కృష్ణగిరిలో హెచ్ఐవి రక్తపరీక్షలు చేసేవాణ్ణి. కొందరి రక్తాన్ని ఐసుపెట్టెలో పెట్టి, హోసూరు మీదుగా బెంగుళూరుకు పంపేవాళ్లం. అక్కడి పరిశోధకులు ఆ రక్తంలోని వైరస్ జన్యువుల్ని వేరే దేశాల వైరస్‌లతో పోల్చి, ఏది దేనికి దగ్గరి చుట్టమో చెట్టు బొమ్మలా గీసేవాళ్లు.

ఒకసారి ఆ బొమ్మ నకలు నా బల్ల మీద ఉండగా మత్తూరు నుంచి ఒకామె వచ్చింది. మేం నంబర్లు వేసి పంపిన రక్తాల్లో ఆమెదీ ఒకటి. లారీ తోలే భర్త అప్పటికే చనిపోయాడు. రోగం కోడలే తెచ్చిందని అత్త ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టింది.

చూపించకూడదని తెలిసీ బొమ్మ చూపించాను. నా చదువు చూపించుకోవాలనే యావ, అంతే.

"దీని చుట్టాలు ఆఫ్రికాలో ఉండాయమ్మా. ఆడినుంచి సముద్రం దాటి వచ్చింది."

"సముద్రం దాటింది కనిపెట్టినారు. మా ఇంట్లో ఎవరినుంచి ఎవరికి వచ్చిందో కనిపెట్టలేరా అప్పా? అది రాసిస్తే మా అత్తకు చూపిస్తాను."

అది ఈ బొమ్మతో తేలదన్నాను.

"ఇందులో నేను యాడుండాను?"

ఒక సన్నటి కొమ్మ చివర, ఆమె నంబరు మీద వేలు పెట్టాను.

"మా ఇంటాయన?"

ఆయన బతికుండగా ఎవరూ రక్తం తీయలేదు. ఆయనకు కొమ్మే లేదు. ఆ మాటే చెప్పాను.

ఆమె ఆ కొమ్మ చివర తన వేలు పెట్టింది.

"ఆయప్ప యాడా లేడు. నేనొక్కదాన్నే ఉండాను," అంది. "మా అత్త చెప్పేదీ ఇదే గదప్పా."