పంజాగుట్ట గోరింకలు

అమీర్‌పేట హాస్టల్లో నేను జావా నేర్చుకునే రోజుల్లో, నా పక్క మంచం అక్క గోరింకల మీద పరిశోధన చేసేది. పంజాగుట్ట పొగలో తిరిగే గోరింకను వలతో పట్టి, రెక్క కింది నరం నుంచి చుక్క నెత్తురు తీసి, దూదితో అద్దేది. వదిలే ముందు దాని మొహంలోకి చూసి అడిగేది: "మంచిగున్నవా, తట్టుకుంటున్నవా?"

పీల్చే గాలే ఒంట్లో తుప్పు పట్టిస్తుందని, దాన్ని ఆపే శక్తిని కూడా ఒళ్లే తయారుచేసుకుంటుందని చెప్పేది. అడవిలో పట్టిన గోరింకల కంటే పంజాగుట్ట వాటి నెత్తురులోనే ఆ శక్తి ఎక్కువ కనిపించింది. ఆమె తల పట్టుకుంది.

"మంచిదే కదక్కా?" అన్నాను.

"ఏమో. మంచిగుండి ఎక్కువున్నదో, లోపల మస్తు తుప్పు పడుతుంటే ఆపనీకి ఎక్కువైందో, నెత్తురు చూస్తే సమజైతలేదు."

తరవాత నాకు బేగంపేటలో ఉద్యోగం వచ్చింది. ఒక సాయంత్రం హాస్టల్ మెట్ల మీద అక్క ఎదురైతే, ఇద్దరి పని ఒక్కదాన్నే చేస్తున్నానని మేనేజర్ మెచ్చుకున్న సంగతి చెప్పాను. ఆమె గోరింకను చూసినట్టే నా మొహంలోకి చూసి, అదే ప్రశ్న అడిగింది.

గోరింకలైతే జవాబు చెప్పకుండా ఎగిరిపోయేవి. నేను బ్యాగు దించి మెట్ల మీదే కూర్చున్నాను.