చేప ఎంచుకున్న చెయ్యి

వన్ టౌన్‌లో దుర్గాశంకర్ గారి చీరల కొట్టు షట్టర్ రోజూ ఎత్తేది రాజ్యశ్రీయే. లైట్లు వెయ్యక ముందు లోపల తలల్లేని బొమ్మలు చీరలు కట్టుకుని వరసగా నిలబడి ఉంటాయి. గల్లాపెట్టె పక్కన మాత్రం నీలంగా ఒక వెలుగు. అక్కడ రెండడుగుల గాజు తొట్టి, అందులో ఉప్పు కలిపిన నీళ్ళు, నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపలు అప్పట్లో రెండు. వాటి మంచీ చెడ్డా ఆమెదే.

రాజ్యశ్రీ తండ్రి పెడనలో నూలుకు రంగులు వేసేవాడు. తొమ్మిదో తరగతిలో ఉండగానే ఆమెను బడి మానిపించి రంగు కాగుల దగ్గర నిలబెట్టాడు. ఆయన పోయాక పిన్ని ఇంట్లో ఉంటూ ఈ కొట్లో చేరింది. మాట తక్కువ, చూపు ఎక్కువ. నూలును ఎండలో పట్టుకుని ఏ పోగుకు రంగు పట్టిందో, దేనికి పట్టలేదో చెప్పగలదు. ఎవరైనా అడిగితేనే.

ఆ చేపలకు అనిమోన్ తోడుండాలని పోయిన శ్రావణంలో ఎవరో దుర్గాశంకర్‌కు చెప్పారు. చూడటానికి అది పువ్వు, నిజానికి ప్రాణి. చేతివేళ్ళలా ఊగే దాని వేళ్ళు తగిలితే వేరే చేప విషమెక్కి చస్తుంది. క్లౌన్ చేపలు మాత్రం ఆ వేళ్ళ మధ్యనే కాపురముంటాయి. దుర్గాశంకర్ నిండు పసుపురంగుది తెచ్చాడు.

"చూడమ్మాయ్, కొట్లోకి లక్ష్మి వచ్చినట్టు లేదూ!"

రాజ్యశ్రీ వంగి చూసింది. ఆ వేళ్ళ మొదళ్ళలో, ముడుచుకున్న చోటల్లా తెలుపు. నూలుకు ముడివేసి కాగులో ముంచితే ముడి కింద రంగు పట్టదు. సరిగ్గా అలాగే ఉంది. ఇది పుట్టుకతో వచ్చిన పసుపు కాదు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అంత సంబరంగా ఉన్న మనిషితో అనలేక మింగేసింది.

రోజు రోజుకూ పసుపు వెలిసిపోయింది. పదకొండో రోజు పొద్దున షట్టర్ ఎత్తగానే కుళ్ళు వాసన. తొట్టిలో నీళ్ళు గంజిలా ఉన్నాయి. పువ్వు కరిగిపోయి తెల్లటి తొక్కై అడుగున పడి ఉంది. పెద్ద చేప వెల్లకిలా తేలుతోంది. చిన్నది మూల నక్కి గాలి కోసం నోరు తెరుస్తోంది. రాజ్యశ్రీ దాని కింద దోసిలి పట్టింది. అది పారిపోలేదు. ఆమె వేళ్ళ సందుల్లోకి దూరి ఒదిగి పడుకుంది. ఆ దోసిలితోనే మంచి ఉప్పునీళ్ళ బకెట్‌లోకి మార్చింది.

తొట్టి కడిగి, కొత్త నీళ్ళు పోసి, అవి కుదురుకున్నాక చేపను మళ్ళీ వదిలారు. అది తిన్నగా పువ్వు చచ్చిన చోటికే వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు, వట్టి రాయి. అయినా అక్కడేదో ఉన్నట్టు ఒళ్ళు రాసుకుంటోంది, కనపడని వేళ్ళ మధ్యకు వెనక్కి వెనక్కి జరిగి దాక్కుంటోంది. కొట్టుకొచ్చినవాళ్ళు డాన్సు చేస్తోందని నవ్వేవారు. రాజ్యశ్రీ మాత్రం నవ్వలేకపోయేది. తాను నోరు విప్పి ఉంటే ఆ రాయి మీద అంత ఖాళీ ఉండేది కాదు.

గాజు తుడవడానికి చెయ్యి పెడితే చేప ఆ ఖాళీని వదిలి ఆమె అరచేతిలోకి వచ్చేసేది. తీస్తే వెంటపడేది. రెండు రోజులు చెయ్యి పెట్టకుండా చూసింది. చేప మేత ముట్టలేదు, అడుగున ఒరిగి పడుకుంది. మూడో రోజు నుంచి పొద్దున్నే అరగంట తొట్టిలో చెయ్యి ఉంచి నిలబడటం మొదలుపెట్టింది. వేళ్ళు నానిపోయి, పాలిపోయి, వాటికవే మెల్లగా ఊగేవి.

ఒక మధ్యాహ్నం చీర మడత పెడుతుంటే కొట్లో తనతో పనిచేసే మార్తక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏంటే, వేళ్ళు అట్టా ఆడిస్తన్నావు? వీణ నేర్చుకుంటన్నావా ఏంటి?"

"నేనేం ఆడించట్లేదక్కా."

మార్తక్క నవ్వు ఆగిపోయింది. ఆమె పట్టులోనే ఆ వేళ్ళు ఒకదాని వెనక ఒకటి వంగుతున్నాయి, లేస్తున్నాయి.

మార్తక్క సంగతి చెప్పాక, చేపకు మరో పువ్వు తేవాలని ఆ సాయంత్రమే దుర్గాశంకర్ ఆమెను కాలవ అవతలున్న ఫిలిప్ చేపల కొట్టుకు తీసుకెళ్ళాడు. అక్కడ మూడు అనిమోన్లు ఉన్నాయి. ఒకటి పసుపు, ఒకటి మల్లెపువ్వంత తెలుపు, ఇంకొకటి బురద రంగు.

"పసుపుదే ఇవ్వవయ్యా," అన్నాడు దుర్గాశంకర్.

రాజ్యశ్రీ కొంగు వేలికి చుట్టుకుంది. "వద్దండీ. అది రంగు వేసింది."

"రంగేంటి చెల్లెమ్మా? ఇదేమన్నా చీరా?" ఫిలిప్ నవ్వాడు.

"చీరైతే వెలిసిపోయినా కట్టుకోవచ్చండీ. వేళ్ళ మొదళ్ళు తెల్లగా ఉన్నాయి చూడండి, ముడుచుకున్నప్పుడు ముంచారు."

దుర్గాశంకర్ కళ్ళజోడు సవరించుకుని వంగాడు, తర్వాత ఫిలిప్ వంక చూశాడు. ఫిలిప్ తల గోక్కున్నాడు. "నేనేసింది కాదండీ, పంపేవాళ్ళే అట్టా పంపుతారు. దీని ఒంట్లో గోధుమరంగు నాచు ఉంటది. వెలుతురు తిని దీనికి అన్నం పెట్టేది అదే. అది పోతే తెల్లబడిపోద్ది, తెల్లదానికి రంగేస్తారు."

"అయితే తెల్లది ఆకలితో ఉంది," అంది రాజ్యశ్రీ. బురద రంగు దాన్ని చాలాసేపు చూసింది. నోరు గట్టిగా మూసుకునుంది. రాయికి అతుక్కునే పాదం ఎక్కడా చిరగలేదు. ఫిలిప్ పుల్ల తాకిస్తే వదలకుండా పట్టుకుంది. "ఇదండీ."

"నీకింత తెలుసని ఒక్కరోజన్నా చెప్పావా అమ్మాయ్?" అన్నాడు దుర్గాశంకర్.

తొట్టిలో పెట్టాక చేప దానివైపు చూడనైనా లేదు. ఎప్పటిలా చేతిలోకే వచ్చింది. రాజ్యశ్రీ ఆ చేతిని పువ్వు పక్కనే ఉంచింది. మూడు పొద్దులు అలాగే గడిచాయి. నాలుగో పొద్దున పువ్వు వేళ్ళూ ఆమె వేళ్ళూ ఒకే తీరున ఊగుతుంటే ఏవి తనవో ఒక్క క్షణం ఆమెకే తెలియలేదు. చేప అటూ ఇటూ తిరిగి పువ్వులో ఒళ్ళు రాసుకుంది, ఉలిక్కిపడింది, మళ్ళీ వెళ్ళింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంటే పువ్వు వేళ్ళు ఒక్కొక్కటే జిగురు వదిలినట్టు వదిలాయి. చేప వెంట రాలేదు.

మర్నాడు పొద్దున పువ్వు పెట్టిన రాయి మీద లేదు. తనంతట తానే జరిగి, రాజ్యశ్రీ కూర్చునే స్టూలు వైపు గాజును పట్టుకుని విప్పుకునుంది. మధ్యలోంచి చేప ఆమెనే చూస్తోంది. గాజు తుడుద్దామని చెయ్యి పెట్టగానే బాణంలా వచ్చి వేలు కొరికింది.

"ఇల్లు దొరగ్గానే నిన్నే తరిమేసిందా!" దుర్గాశంకర్ పెద్దగా నవ్వాడు.

ఆమె కూడా నవ్వింది. కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి. ఆ తర్వాత ఆమె మళ్ళీ వేళ్ళు తొట్టిలో పెట్టలేదు, గాజును పొడుగు కర్రతోనే తుడుస్తోంది. చేప బాగా తింటోంది, ఒళ్ళు చేసింది.

ఇప్పటికీ పొద్దున్నే షట్టర్ ఎత్తి, లైట్లు వెయ్యక ముందు, తలల్లేని బొమ్మల మధ్య ఆమె ఒక్క నిమిషం నిలబడుతుంది. ఫ్యాన్లు తిరగవు, గాలి ఆడదు. ఆమె కుడిచేతి వేళ్ళు మెల్లగా ఊగడం మొదలుపెడతాయి. ఆమె ఆపదు. వాటి పని అయ్యేదాకా చూసి, అప్పుడు లైట్లు వేస్తుంది.