గోడ దూకే కుక్కలు

ఆమె కుట్టుమిషను పెరటి కిటికీ పక్కనే ఉంటుంది. మెడలో టేపు, పెదవుల మధ్య రెండు గుండుసూదులు, ముక్కు చివరికి జారిన కళ్లద్దాలు. వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోసి మిషను ముందు కూర్చుంటే మధ్యాహ్నం దాకా తల ఎత్తేది కాదు. ఇప్పుడు నాలుగు కుట్లకొకసారి కిటికీలోంచి చూస్తోంది. పక్కింటాయన కుక్కలు రెండూ దూడలంతేసి ఉంటాయి. నడుమెత్తు గోడను అవలీలగా దూకి వచ్చేస్తాయి. ఆయనకు చెబితే, "మావి పసిపిల్లల్లాంటివండీ, ఆడుకోడానికొస్తాయి" అని నవ్వాడు. మునిసిపల్ ఆఫీసులో అర్జీ ఇస్తే గుమాస్తా, "ఎవర్నైనా కరిచాయా అమ్మా? కరిచాక రండి" అన్నాడు. గోడ ఎత్తు చేయిద్దామంటే అది పక్కింటాయనది.

మొన్న నాలుగేళ్ల మనవరాలు పెరట్లో పువ్వులు కోస్తుండగా రెండూ దూకాయి. టైలరమ్మ గుమ్మం దాకా పరిగెత్తి అక్కడే ఆగిపోయింది. అరిస్తే పిల్ల మీద పడతాయేమోనని భయం. "బంగారూ, బొమ్మలా నిలబడమ్మా" అని మాత్రం అంది. పెద్ద కుక్క పిల్ల మెడ దగ్గర వాసన చూసింది. పిల్ల గుప్పిట్లో పువ్వులు నలిగిపోయాయి. అవతలి నుంచి ఈల వినబడగానే రెండూ గోడ దూకి వెళ్లిపోయాయి. పక్కింటాయన గోడ మీదుగా తొంగి చూసి, "చూశారా, ఏమన్నా చేశాయా?" అన్నాడు. టైలరమ్మ పిల్లను ఎత్తుకుని లోపలికొచ్చి, పెరటి తలుపుకు గడియ పెట్టి, పైన తాళం కూడా వేసింది. పిల్ల ఆ తాళం వంకే చూస్తూ, "నేనేం తప్పు చేశాను అమ్మమ్మా?" అని అడిగింది.