నాకన్నా ముందే చేరిన మేనమామ

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినడం మా ఇంట్లో ఆచారం. మా ఇంటామె ఇంకా జాగ్రత్తగల మనిషి, ముప్పావు వంతు తీసేస్తుంది. నేను కొండచిలువ అంటే ఆమె వానపాము అనుకుంటుంది. సముద్రం అంటే బకెట్ అనుకుంటుంది. చదివేవాళ్లు కూడా ఆ పద్ధతే పాటించండి, నాకేమీ అభ్యంతరం లేదు. నడివయసుకు వచ్చాక ఈ నాలుకను దారిలో పెట్టడం నా వల్ల కాదు.

దయ్యాల సంగతిలో మాత్రం నేనెన్నడూ పెంచి చెప్పలేదు. పెంచాలంటే ముందు కొంచెమైనా ఉండాలి కదా. నాకు వాటి మీద నమ్మకమే లేదు. ఎవరైనా దయ్యాన్ని చూశామంటే, అది ఏ కులం, ఏ ఊరు, ఇంటి పేరేమిటి అని అడిగి వాళ్లను ఏడిపించేవాణ్ణి. ఇప్పుడైనా నమ్ముతున్నానని అనను. జరిగింది చెప్తాను, అంతే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. నేను కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తాను. అవ్వ, బాపు, అంటే అమ్మానాన్నలు, అప్పటికే పోయారు. తోడబుట్టినవాళ్లలో నాకున్నది మా అక్క ఒక్కతే. ఆమెను గోదావరి అవతల ఆదిలాబాద్ జిల్లాలో, లక్షెట్టిపేట దాటి జన్నారం పోయే దారిలో, అడవి అంచున ఉన్న ఒక ఊరికి ఇచ్చారు.

అక్కకు ఒక్కడే కొడుకు, మల్లేశం. పుట్టినప్పటి నుంచి జ్వరాలు. మూడో ఏడు వచ్చినా నాలుగడుగులు వేస్తే కూలబడేవాడు. వాడు బతికి బట్టకడితే పుట్టువెంట్రుకలు మేనమామ చేతిమీదుగా ఇస్తానని అక్క పోచమ్మకు మొక్కుకుంది. పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని మేనమామ మొదటి కత్తెర పెట్టాలి. ఆ తర్వాతే మంగలి కత్తి. మేనమామ రాకపోతే మొక్కు చెల్లదు. పైగా అక్క అత్తగారింట్లో తలెత్తుకోలేదు. వాడిని తొట్టెలలో వేసిన నాడు నేను పోలేకపోతే, "నీకు పుట్టినిల్లు ఉన్నదా, పోయిందా?" అని అడిగారట. ఆ మాట అక్క ఎవరితోనో చెప్పి పంపింది. ఈసారి రాకపోతే ఇక తమ్ముడు లేడనుకుంటానని కూడా చెప్పి పంపింది.

మొక్కుకు ముందురోజే బస్సులో పోవాలనుకున్నాను. బస్సు రాలేదు. రాత్రంతా ఎదురుచూసి, తెల్లవారుజామున సైకిల్ బయటికి తీశాను. అది సెకండ్‌హ్యాండ్ కాదు, నాలుగో హ్యాండో ఐదో హ్యాండో. బెల్లు తప్ప అన్నీ మోగేవి. వెనక టైరు ఒకచోట చినిగితే, సైకిల్ షాపు ఆయన దాని మీద అడ్డంగా తోలు పట్టీ వేసి కుట్టాడు. చక్రం తిరిగినప్పుడల్లా అది నేలను ఒకసారి 'టప్' మని కొట్టేది. క్యారియర్ మీద మల్లేశానికి కొత్త అంగీ, కుచ్చుల టోపీ ఉన్న మూట. తలకు రుమాలు. వడదెబ్బ తగలకుండా జేబులో ఉల్లిగడ్డ.

ఎండాకాలమే గాని ఆ ఏడు వానకు వేళాపాళా లేదు. చొప్పదండి దాటగానే ఎదురుగాలి లేచింది. నేను ముందుకు తొక్కుతుంటే సైకిల్ కరీంనగర్ వైపు పోతోంది. దుమ్ములో నా చేతులు నాకే కనబడలేదు. ఒక మేక నన్ను దాటిపోతూ వెనక్కి తిరిగి జాలిగా చూసింది. మీ లెక్క ప్రకారం తగ్గించుకుంటే, మేక నన్ను దాటిపోయిన మాట నిజం, జాలిగా చూసిందో లేదో తెలియదు.

ధర్మారంలో లచ్చయ్య హోటల్ ముందు దిగాను. అటు పోయినప్పుడల్లా అక్కడ చాయ్ తాగడం నాకు అలవాటు. లచ్చయ్య నన్ను చూసి గరిటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"ఏందన్నా, మళ్ల ఎనుకకు అచ్చినవా?" అన్నాడు.

"వెనక్కేంది? ఇప్పుడే వస్తున్న."

"ఇందాక గంత పిలిస్తె ఆగకపోతివి. నా చాయ్ మీద కోపమచ్చిందా ఏంది?"

నేను ఊరందరితో ఆడే ఆట ఈయన నాతో ఆడుతున్నాడని నవ్వుకున్నాను. చాయ్ తాగి బయల్దేరాను. కానీ లచ్చయ్య నవ్వలేదు. అది నాకు తర్వాత గుర్తొచ్చింది.

వెల్గటూరు దాటాక ఆకాశం తారుడబ్బా బోర్లించినట్టు అయింది. మొదట నాలుగు చినుకులు. తర్వాత రాళ్లవాన. ఒక్కో రాయి కొబ్బరికాయంత. సరే, నిమ్మకాయంత. మా ఇంటామె భుజం మీదుగా చూస్తోంది కాబట్టి రేగుపండంత అని రాస్తున్నాను. ఆ రేగుపండే నా నెత్తి మీద కోడిగుడ్డంత బొప్పి కట్టించింది. సైకిల్‌ను రోడ్డు కింది మోరీలోకి లాక్కుని, మూటను కడుపుకు హత్తుకుని కూర్చున్నాను.

రాళ్లు ఆగినా వాన ఆగలేదు. నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి. మబ్బు సందులోంచి చూస్తే పొద్దు నెత్తిమీదికి వచ్చింది. కత్తెర పెట్టే వేళ అదే. అక్క వాకిట్లో నిలబడి దారివైపు చూస్తూ ఉంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ ఉంటారు. నేను మోరీలో కూర్చుని, "అక్కా, వస్తున్ననే, వస్తున్న" అని పైకే అన్నాను. అంతకు మించి నేను చేసిందేమీ లేదు. ఇందులో తగ్గించుకోవలసింది కూడా ఏమీ లేదు.

వాన వెలిసింది. వెంటనే ఎండ కాసింది, అదీ మామూలు ఎండ కాదు, రాళ్లవాన పడిందన్న సంగతే తెలియనట్టు కాసింది. రాయపట్నం చేరేసరికి నా బట్టలు నా మీదే ఆరిపోయాయి.

అక్కడ గోదావరికి వంతెన లేని రోజులవి. ఎండాకాలం కాబట్టి నీళ్లు సన్నటి పాయగా ఉన్నాయి, మిగతాదంతా ఇసుక. మామూలుగా అయితే ఆ ఇసుకలో మనిషి సైకిల్ ఎక్కడు, సైకిలే మనిషి భుజమెక్కుతుంది. వానకు తడిసి గట్టిపడడంతో ఆరోజు తోసుకుంటూ పోగలిగాను. ఇసుకలో పుచ్చతోట వేసుకున్న ఒక ముసలామె గుడిసెలోంచి బయటికి వచ్చింది.

"ఏం బిడ్డా, మళ్ల అచ్చినవా? కాయ తిని పో అంటె ఇందాక ఎనుకకు మల్లి సూడకపోతివి" అంది.

"నేను కాదవ్వా, ఇంకెవరో."

"గీ రుమాలే, గీ సైకిలే. నాకు కండ్లు మంచిగనే ఉన్నయ్" అని కోపగించుకుని లోపలికి పోయింది.

నేను కిందికి చూశాను. తడి ఇసుక మీద ఒక సైకిల్ పోయిన గీత ఉంది. ఇక్కడ వాన ముందే వెలిసినట్టుంది, ఆ తర్వాత పడిన గీత, అంచులు కూడా చెదరలేదు. దాని మధ్యలో అక్కడక్కడా ఒక అడ్డగుర్తు. వెనక్కి తిరిగి నా చక్రం గీత చూశాను. నా దాంట్లోనూ అదే అడ్డగుర్తు, అంతే ఎడం. ముందున్న గీత అవతలి గట్టువైపు పోయింది. తిరిగి వచ్చిన గీత లేదు.

నాకు భయం వేయలేదు. నిజంగానే వేయలేదు. దానికి బదులు పిచ్చి అనుమానం వచ్చింది. నేను ఒకసారి వచ్చి, మరిచిపోయి, మళ్లీ వస్తున్నానా అని. నెత్తి మీది బొప్పి తడుముకున్నాను. అది ఒక్కటే నాదని గట్టిగా అనిపించింది.

అక్క ఊరు చేరేసరికి పందిట్లో భోజనాలు నడుస్తున్నాయి. మాంసం కూర వాసన ఊరి పొలిమేర నుంచే ఎదురొచ్చింది. సైకిల్‌ను పశువుల కొట్టానికి ఆనించి, ఏ ముఖం పెట్టుకుని లోపలికి పోవాలా అని నిలబడ్డాను. అక్క చూసింది. తిడుతుందనుకున్నాను.

"ఏడికి పోయినవ్ రా తమ్మీ? బువ్వ తినుమంటె చెయ్యి అడ్డం పెట్టి బయటికి పోతివి. ఎంతసేపాయె!"

పక్కనే మల్లేశం గుండుతో, గుండుకు పసుపుతో కూర్చుని ఉన్నాడు.

బావ వచ్చి నా భుజం తట్టాడు. పెండ్లయిన నాటి నుంచి ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. "ఇయ్యాల మంచిగనిపించినవ్ బామ్మర్దీ. అచ్చినవ్, కూసున్నవ్, కత్తెర పెట్టినవ్. ఒక్క అబద్ధం చెప్పలే. అసలు నోరే ఇప్పలే."

"అక్కా, నేను ఇప్పుడే వస్తున్ననే. కత్తెర నేను పెట్టలే" అన్నాను.

పందిరంతా గొల్లున నవ్వింది. "ఇగ సురువైనయ్ ఈయన కతలు! జర్రసేపు బాగుపడ్డడనుకుంటి" అన్నాడు బావ.

అక్క నవ్వలేదు. దగ్గరికి వచ్చి నా అంగీ చెయ్యి పట్టుకుని చూసింది. "ఇందాక నీళ్లల్ల ముంచి తీసినట్టు అచ్చినవ్. ఈడ సినుకు గూడ పడలే, గీ తడి ఏడిదని నేనే అడిగిన. గప్పుడే ఆరినయా?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు కాకపోతె మరి ఎవలు రా? నా కొడుకును ఎవల ఒళ్లె కూసోబెట్టిన?" అంది.

ఆమె చెయ్యి నా అంగీ మీద అట్లాగే ఉంది.

నా బతుకంతా చిన్నవాటిని పెద్దవి చేసి చెప్పాను. ఆరోజు నా దగ్గర ఉన్నదాన్ని పెంచాల్సిన పనే లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తే చాలు, ఊరు ఊరంతా నోరు తెరుస్తుంది. నేను నోరు మూసుకున్నాను. "నేనే గదనే పిచ్చిదానా. మజాక్ చేసిన" అన్నాను.

అక్క నా వీపు మీద ఒక్కటి చరిచి, ఏడ్చి, అన్నం పెట్టింది.

అప్పటి నుంచి పొద్దుగూకేదాకా నా పని విచిత్రం. నేను ఏమేం చేశానో నేనే మెల్లగా అందర్నీ అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. కత్తెర సరిగ్గా పట్టానా అని బావను అడిగాను. చెయ్యి జర వణికిందట. పిల్లవాడు ఏడ్చాడా అని అడిగాను. ఏడవలేదట, కొత్తవాళ్లను చూస్తే గుక్కపట్టేవాడు నా ఒళ్లో బొమ్మలా కూర్చున్నాడట. సైకిల్ ఎక్కడ పెట్టానో మరిచిపోయానంటే, వేపచెట్టుకు ఆనించావు కదా అన్నారు. చూడబోయాను. చెట్టుకింద సైకిల్ లేదు. నేల మాత్రం కొంతమేర తడిగా ఉంది. ఆ తడిలో గోదావరి ఇసుక ఉంది.

అన్నిటికన్నా నన్ను తికమకపెట్టింది భోజనం. మాంసం కూర ముందు నేను చెయ్యి అడ్డం పెట్టానంటే నన్నెరిగినవాళ్లు ఎట్లా నమ్మారు? అక్కడే పట్టుకోవాల్సింది.

తిరుగు ప్రయాణంలో ఇసుక మీద గీతలేవీ లేవు. గాలి అన్నిటినీ చెరిపేసింది.

మల్లేశం జ్వరాలు ఆ తర్వాత తగ్గాయి. మొక్కు వల్లనో, లక్షెట్టిపేట డాక్టరు సూదుల వల్లనో. ఇప్పుడు వాడు బడి ఎగ్గొట్టి వాగులో ఈతకొడుతున్నాడు. అక్కకు చదువు రాదు, బావకు నా రాతలు చదివే ఓపిక లేదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను.

ఎన్నాళ్లో బుర్ర బద్దలుకొట్టుకున్న తర్వాత నాకొక దారి దొరికింది. మా బాపు అన్నను పెద్దబాపు అంటాం. ఆయన కొడుకు రాజీరు మందమర్రి బొగ్గుబావుల్లో పని చేస్తాడు. అచ్చం నా పోలికే, మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే పెద్దవాళ్లే పొరబడేవాళ్లు. నాకన్నా మాటలు తక్కువ. నేను రాలేనేమోనని అక్క పరువు కాపాడడానికి వాడే వచ్చి ఉంటాడు. తడి అంటారా, గోదావరి పాయలో పడి ఉంటాడు. టైరు గుర్తు అంటారా, ఆ షాపు ఆయన అందరికీ అదే పట్టీ వేస్తాడు. ఒకసారి అడిగితే వాడు నవ్వి మాట దాటేశాడు. అంతటితో నా మనసు కుదుటపడింది.

ఇంతవరకు చదివి మా ఇంటామె కాగితాలు కింద పెట్టి, "ఇందులో ఏది కల్పించినవో అది కూడా రాయి" అంది. రాస్తున్నాను. మేకను, రాళ్లను, గాలిని మీరే తగ్గించుకున్నారు, అవి లెక్కలోకి రావు. బొత్తిగా లేనిదాన్ని ఉన్నట్టు రాసింది ఒక్కటే, అదీ రాత్రిళ్లు నాకు నిద్ర పట్టడం కోసం.

మా పెద్దబాపుకు కొడుకులు లేరు.