మార్కుల వరస

ఉదయగిరిలో మా లెక్కల మాస్టారు నారాయణయ్య గారికి ఒక పద్ధతి ఉండేది. పేపర్లు దిద్దిన మర్నాడే మార్కుల వరసన మమ్మల్ని కూర్చోబెట్టేవారు. బుర్రలో గుజ్జున్న వాళ్లు ముందు, లేనివాళ్లు వెనక గోడకు. గోడ చల్లగా ఉంటుందిలే అని మేం సర్దిచెప్పుకునేవాళ్లం. పదేళ్లు నడిచిన ఆ పద్ధతి 1979తో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెబుతాను.

ముందు బెంచీ ఎప్పుడూ రాఘవమ్మదే. నాలుగు మార్కులు తగ్గితే రెండు రోజులు అన్నం ముట్టేది కాదు. గోడ దగ్గర నా పక్కన షరీఫా. దానికి పదమూడో ఎక్కం రాదు గానీ, ఎవరు పస్తుతో బడికొచ్చారో మొహం చూసి చెప్పేది. ఆ విద్యకు మాస్టారు మార్కులు వేయరు కదా!

పదో తరగతి ఫలితాల రోజు ఆత్మకూరు బస్సులో పేపరు దిగింది. మాస్టారు బస్టాండులోనే విప్పి, ముందుగా రాఘవమ్మ నంబరు వెతికారు. ఆ పిల్లకు ఫస్టు క్లాసు తప్ప ఇంకోటి వస్తుందని ఆయన ఊహకే రాలేదు. ఆ వరసలు మాత్రమే చూసి, చుట్టూ మూగిన మా అందరి ముందూ "లేదే!" అనేశారు.

సెకండు క్లాసులో ఆ నంబరు కనపడి తలెత్తేసరికి రాఘవమ్మ అక్కడ లేదు.

 మాస్టారు నేరుగా రాఘవమ్మ వాళ్ల పొలం బావి దగ్గరికి పరుగెత్తారు. వెనకాలే నేను. నీళ్లు కదలకుండా ఉన్నాయి. అది చూస్తే నాకు ఇంకా భయమేసింది. అక్కణ్ణించి వాళ్లిల్లు, బడి, కొండకింద దారి, అన్నీ కాలుగాలిన పిల్లిలా తిరిగారు. "నా నోరు పడిపోనూ" అని దారంతా తనను తానే తిట్టుకున్నారు.

చివరికి షరీఫా వాళ్ల వసారాలో కనిపించింది రాఘవమ్మ. షరీఫా ఆ పిల్ల మణికట్టు పట్టుకుని కూర్చుంది.

"మీరు లేదన్నాక ఇది ఏడవలేదు సార్. ఏడవకుంటే నాకు భయమేసింది. అందుకే వెంటబడి పట్టుకొచ్చినా. చెయ్యి వదల్లేదు."

"పాసైనావమ్మా! సెకండు క్లాసులో ఉండాది నీ నంబరు," అన్నారు మాస్టారు. అప్పుడు భోరుమంది రాఘవమ్మ. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

కాసేపటికి ఆయనకే గుర్తొచ్చింది. "నీ నంబరెంత షరీఫా?"

చెప్పింది. మాస్టారు మూడు క్లాసులూ రెండేసిసార్లు వేలుపెట్టి చూశారు. పొద్దున అంత తేలిగ్గా అనేసిన మాట ఇప్పుడు నోట రాలేదు.

షరీఫా ఆయన మొహంలోకి చూసింది.

"లేదు కదా సార్? మీరేం బాధపడబాకండి," అంది.