బావి గట్టు మీద వేడిగాలి ఇంజన్

అరవైల మొదట్లో వానలు వరుసగా మొహం చాటేశాయి. కళ్యాణదుర్గం దగ్గర మా చేను బావి అడుగంటింది. ఇంకా లోతు తవ్వాలంటే ఊరే నీటిని ఎప్పటికప్పుడు తోడెయ్యాలి. పక్క చేనివాళ్లని అడిగి ఆయిల్ ఇంజన్ తెచ్చి పెట్టాం. అది దడదడలాడుతుంటే, సున్నం లేకుండా పేర్చిన రాతికట్టులోంచి ఒక రాయి జారి, కింద తవ్వుతున్న నాయన భుజం మీద పడింది. నెలల తరబడి ఆ చెయ్యి పైకి లేవలేదు. ఆ తర్వాత ఇంజన్ మాటెత్తితే చాలు, మండిపడేవాడు.

నేను గుత్తిలో లేత్ షాపులో పనిచేసేవాణ్ణి. ఒకసారి ఎవరో షావుకారి ఇంటి నుంచి కిరసనాయిలు దీపంతో తిరిగే ఫ్యాను మరమ్మతుకొచ్చింది. లోపలి గాలి వేడికి ఉబ్బి, చల్లబడి ముడుచుకుంటూ పిస్టన్‌ను ఆడిస్తుంది. పేలుడు లేదు, మోత లేదు. ఇలాంటిది మా బావికి పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన నన్ను తొలిచేసింది. పారేసిన ఇనుమంతా పోగేసి, వేరుశెనగ పొట్టు మంటతో నడిచే పెద్దదాన్ని చేశాను. పాడు ఇంజన్, అదీ వణికింది! విసుగొచ్చి సుత్తి విసిరికొట్టాను కూడా. చివరికి రెండు పిస్టన్లను ఎదురెదురుగా పెట్టాను. రెండూ ఒకేసారి దగ్గరికొస్తాయి, ఒకేసారి దూరం జరుగుతాయి. ఒకదాని కుదుపును మరొకటి అణిచేస్తుంది.

పంపుకు కలిపి గట్టు మీద బిగించి నడిపి, రాతికట్టు మీద నిండు చెంబు పెట్టి చూశాను. నీళ్లు కదల్లేదు. అది చూసి నాయన అరమనసుతోనే దిగడానికి ఒప్పుకున్నాడు. అయినా నాకు ధైర్యం చాల్లేదు. కింద ఉండబోయేది నాయన కదా.

మా తమ్ముడు తానూ దిగుతానన్నాడు. నాయన కసురుకున్నాడు.

"పడితే నా ఒక్కని మీదనే పడనీ. నువ్వు ఆడ్నే ఉండు."

ఆయన దిగాక నేను మంట చూసుకోవాలి, కానీ చూపంతా రాళ్ల మీదే. ఏ సందులోంచి కాస్త మట్టి రాలినా మంట వదిలేసి గట్టు అంచుకు ఉరికేవాణ్ణి. కాసేపటికి కింద గడ్డపార చప్పుడు ఆగింది.

"ఏమప్పా, నిలిచిపోయిందా నీ ఇంజను?"

"లేదు నాయనా, తిరుగుతాండాది!"

ఆయన నమ్మలేదు. వంగి చూశాను. అదురు తెలుస్తుందేమోనని రాతికట్టుకు అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు.  ఏం తగిలిందో, ఏం తిడతాడో అని చూస్తూ ఉన్నాను.

చెయ్యి తీసి, పైకి చూడకుండానే అన్నాడు.

"తమ్మున్ని గూడా దింపు. ఒక్కనితో అయ్యే పని కాదిది."

తమ్ముడు తాడు పట్టుకుని చకచకా దిగిపోయాడు. నాయన నన్ను నమ్మినందుకు పొంగిపోవాల్సింది పోయి, ఇప్పుడు కింద ఇద్దరున్నారన్న భయమే ఎక్కువైంది. ఆ సాయంత్రం ఇద్దరూ పైకొచ్చేదాకా పచ్చి గంగ ముట్టలేదు.