రేకు గోడ వెనక పత్తి

బాలవ్వ పిరికిదని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. అది సగమే నిజం. గట్టు మీద పాము అడ్డమొస్తే కట్టె తీసుకుని దాని దారి దానికి చూపించే మనిషి ఆమె. బోథ్ దగ్గరున్న ఆ ఊరిని ఆనుకునే అడవి ఉంది. పులి అడుగులు కనపడ్డాయని మగవాళ్లే చేలకు పోవడం మానుకున్నప్పుడు కూడా ఆమె ఒడి కట్టుకుని పత్తి ఏరడానికి పోయింది. భర్త పోయాక కొడుకును ఒంటిచేత్తో పెంచింది. ఆమెకున్నది ఒకే ఒక్క భయం, పత్తిలో నిప్పు. ఆ ఒక్కటీ పదింటి పెట్టు.

ఆ భయం ఊరికే రాలేదు. పెళ్లయిన కొత్తలో ఆదిలాబాద్‌లో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో పత్తి ఎగదోసే పనికి పోయేది. ఒకనాడు మిల్లు ఆవరణలో ఒక కుప్ప అంటుకుంది. ఫైరింజన్ వచ్చి నీళ్లు కొట్టింది, పొగ ఆగింది, అందరూ ఇళ్లకు పోయారు. మర్నాడు తడిసి ముద్దయిన ఆ కుప్ప మీదికి వనజ అనే తోటి కూలి ఎక్కింది. ఎక్కిన కాలు మోకాలి దాకా దిగబడింది. పైన చల్లగా ఉన్న పత్తి లోపల రాత్రంతా కుంపటిలా రాజుకుంటూనే ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. వనజను రెక్కపట్టి లాగింది బాలవ్వే. ప్రాణం దక్కింది కానీ ఆ కాలు మళ్లీ నేల మీద సరిగా ఆనలేదు. ఆ తర్వాత నుంచి మిల్లులో ఆడవాళ్లంతా పనిలోకి దిగేముందు కుప్పలోకి భుజం దాకా చెయ్యి దూర్చి చూసేవాళ్లు. చల్లగా తగిలితేనే పని మొదలు.

మిల్లు మానేసినా ఆ అలవాటు ఆమెను వదలలేదు. ఇంట్లో పత్తి పోసినప్పటి నుంచి అమ్మేదాకా ఆమెకు కంటి మీద కునుకుండదు. వాకిట్లో ఎవరన్నా బీడీ తీస్తే చాలు, వచ్చినవాడు చుట్టమని కూడా చూడదు. కిందటేడు కాలుతున్న వాసన వస్తోందని పోరుపెట్టి కొడుకుతో కుప్పంతా తోడించింది. పొద్దంతా తోడినా లోపల ఏమీ లేదు. రెండు చేలవతల ఎవరో పత్తికట్టె తగలబెడుతున్నారు. ఇక ఊరు ఊరుకుంటుందా. 'ఫైరింజన్ బాలవ్వ' అని పేరు పెట్టింది. కోడలు వినోద పైటచెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొడుకు పరశురాములు మాత్రం ఏ అడ్డమూ పెట్టుకోకుండానే నవ్వాడు. బాలవ్వ కూడా వాళ్లతో కలిసి నవ్వింది గానీ, ఆ పేరు ఆమె మనసులో ముల్లులా దిగింది.

పరశురాములు కిరాయికి కారు నడుపుతాడు. కారు కోసమని ఇంటి గోడకు ఆనించి రేకుల షెడ్డు వేశాడు. ఆ షెడ్డు కింద కారు నిలబడే అదృష్టం వానకాలం వరకే. పత్తి ఇంటికి వచ్చిందంటే కారు వాకిట్లోకి, పత్తి షెడ్డులోకి. ధర పెరిగేదాకా అది అక్కడే. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి ఇంట చూసినా ఇదే తంతు. షెడ్డుకు ఒకవైపు ఇంటి గోడ, వెనక ప్రహరీ, ముందు ఇనుప గేటు. చేను వైపు పక్క మాత్రం బారెడంత తెరిచి ఉండేది. అటు నుంచి మేకలు వచ్చి గింజ కోసం పత్తి నమిలేవి, మంచు కురిసి కుప్ప చెమ్మగిల్లేది. ఈ ఏడు ఆ పక్కను రేకులతో మూసేద్దామని పరశురాములు నిశ్చయించుకున్నాడు.

పత్తి అప్పటికే షెడ్డులో ఉంది. వెల్డింగ్ చేసే ఓంప్రకాశ్ బోథ్ నుంచి సామాను వేసుకుని వచ్చాడు. ఇనుప పట్టీలను అతికించే మిషన్ చూడగానే బాలవ్వ షెడ్డు ముందుకు వచ్చి నిలబడింది.

"పత్తి తీసినంకనే గా పని వెట్టుకో బిడ్డా. లేకుంటే పత్తికట్టె తడక కట్టుకుందాం, నేనే అల్లుత" అంది కొడుకుతో.

"గంత పత్తి యాడికి తియ్యాలె అవ్వా? వాకిట్ల పోస్తే మంచుకు ఖరాబైతది" అన్నాడు పరశురాములు. "పైన టార్పాలిన్ పట్టా కప్పుతం, దాని మీద తడి సంచులు ఏస్తం. ఇగ ఫికర్ ఎందుకు?"

"నా పని నాకు ఎరుకనే అవ్వా, జర పక్కకు కూసో" అన్నాడు ఓంప్రకాశ్.

ఆమె పక్కకు కూర్చోలేదు. రవ్వలు రాలినంతసేపూ బిందె పట్టుకుని అక్కడే నిలబడింది. తడి సంచుల మీద పడ్డ రవ్వలు చుయ్యిమని ఆరిపోతున్నాయి. ఆరిపోయినవి కనపడుతున్నాయి, బాగానే ఉంది. పట్టాకూ కొత్త రేకుకూ మధ్య సందులోకి జారినవి ఎవరికి కనపడతాయి? సాయంత్రానికి పక్క మూసుకుపోయింది. షెడ్డు పెట్టెలా తయారైంది. పరశురాములు రేకు మీద అరచేత్తో చరిచి, మేకలకు ఇక ఉపవాసమే అన్నాడు.

మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తుంటే వాసన వచ్చింది. పల్చగా, పాత గుడ్డ మాడినట్టు. చీపురు చేతిలోనే ఆగిపోయింది. మళ్లీ పీలిస్తే రాలేదు. మళ్లీ పీలిస్తే వచ్చినట్టే ఉంది. గేటు తీసి ముందువైపు కుప్పలో చెయ్యి దూర్చింది. చల్లగానే తగిలింది. కొత్త రేకు వైపు పోదామంటే పత్తి నడుమెత్తు అడ్డం ఉంది. వనజ కాలు చూసిన మనిషి కుప్ప ఎక్కదు, తోడితే తప్ప దారి లేదు. తోడాలంటే కొడుకును పిలవాలి. పిలిస్తే ఏమంటాడో ఆమెకు తెలుసు. ఈసారి ఊరు ఏం పేరు పెడుతుందో, అదే తెలియదు. వాకిట్లో పళ్లు తోముకుంటున్న పరశురాములు ఆమె నిలబడ్డ తీరు చూశాడు.

"ఏందే అవ్వా, ఫైరింజన్‌కు ఫోన్ కొట్టాల్నా?" అన్నాడు నవ్వుతూ.

"ఏం లేదు" అంది బాలవ్వ.

అని చీపురు మళ్లీ అందుకుంది. ముసలి ముక్కు, ఎటు పడితే అటు పోతుందని తనకు తానే చెప్పుకుంది. వినోద ఆఖరు పత్తి ఏరడానికి చేనుకు పోయింది. పరశురాములు కిరాయి ఒకటి తిప్పి వచ్చి కారు కడుగుతూ కూర్చున్నాడు. బాలవ్వ వంటింట్లోకి పోయినా మనసు షెడ్డులోనే ఉంది.

మధ్యాహ్నం మనవరాలు నవ్యశ్రీ అంగన్‌వాడీ నుంచి వచ్చింది. ఒక గంటకు వంటయ్యాక పళ్లెంలో అన్నం పెట్టి పిలిస్తే పలకలేదు. పక్కింటికి పోయిందేమోనని చూస్తే అక్కడ లేదు. పత్తి ఉన్నన్నాళ్లూ ఆ ఊరి పిల్లలకు కుప్పే పరుపు. చలికి అందులో గూడు చేసుకుని పడుకుంటారు, పెద్దవాళ్లు కూడా వద్దనరు. ఆ సంగతి తట్టగానే బాలవ్వ షెడ్డు వైపు పరుగెత్తింది.

గేటు సందు తీసే ఉంది. లోపల అడుగు పెట్టగానే గొంతులో ఏదో గీరినట్టయింది. మంట లేదు. పొగ కూడా లేదు, రేకుల కింద బూడిదరంగు మసక తప్ప. కుప్ప మీద రెండు చిన్న చెప్పులు కనపడ్డాయి.

"నవ్యా, లే బిడ్డా. బాపమ్మ వచ్చింది, లే."

పిల్ల లేవలేదు. బాలవ్వ పత్తిలో ఈదుతున్నట్టు పోయి భుజం పట్టుకుని కుదిపింది. తల ఒక పక్కకు వాలిపోయింది. ముఖం ఎర్రగా, నిద్రపోతున్నట్టే ఉంది. అంత భయం బాలవ్వ జన్మలో ఎరగదు. పిల్లను లేపడానికి కొత్త రేకు వైపు ఊతంగా చెయ్యి ఆనించింది. ఆ చెయ్యి మోచేతి దాకా దిగబడి చుర్రుమంది. పిల్లను రొమ్ముకు అదుముకుని ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. వెనక ఆమె చేసిన గుంతలోకి గాలి పోయి కుప్ప భగ్గుమంది.

పరశురాములు చేతిలో నీళ్ల పైపు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. పిల్లను చూసి బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు.

"సూసుకుంట నిలబడ్తవేందిరా, కారు తియ్యి" అంది బాలవ్వ.

బోథ్ దవాఖాన దాకా ఆమె పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టుకునే కూర్చుంది. శ్వాస తగిలినప్పుడల్లా దండం పెట్టుకుంది. సగం దారిలో నవ్యశ్రీ వాంతి చేసుకుని సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే పరశురాములు కూడా స్టీరింగ్ పట్టుకునే వెక్కివెక్కి ఏడ్చాడు. ఊళ్లో ఆ సమయానికి నిన్న బిగించిన గోడను జనం గడ్డపారలతో పీకుతున్నారు. పత్తి సగం కాలింది, సగం నీళ్లపాలైంది.

మూసిన చోట చేరిన విషగాలి పీల్చిందని, ఇక భయం లేదని డాక్టరు చెప్పి పోయాక పరశురాములు తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె చేతికి కట్టు ఉంది.

"నీ ముక్కే కాపాడిందే అవ్వా" అన్నాడు.

బాలవ్వ నేల చూపులు చూసింది. "పొద్దుగాల్నే వాసనొచ్చింది బిడ్డా. నవ్వుతరని చెప్పలే."

పరశురాములు ఆమె చేతి కట్టు అంచు సవరించాడు. "నవ్వింది నేనే గదనే" అన్నాడు.

షెడ్డు పక్క మళ్లీ తెరుచుకుంది. తడక అల్లి కట్టారు. వినోద చేలో ఏరి తెచ్చిన ఆఖరు పత్తిని అందులోనే పోశారు. ఊళ్లో ఇప్పుడెవరూ ఫైరింజన్ అనడం లేదు. తమ ఇళ్లలో కుప్పలు కూడా ఒకసారి చూసి పొమ్మని ఆమెను పిలుచుకుపోతున్నారు. రోజూ చీకటి పడే వేళ పరశురాములు వచ్చి అడుగుతాడు, ముఖంలో నవ్వు లేకుండా.

"అవ్వా, ఏమన్న వాసనొస్తుందా?"

"రాలే బిడ్డా."

ఆ మాట వినగానే అతను నిశ్చింతగా లోపలికి పోతాడు. ఇదివరకు ఆమె వాసన వస్తుందంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఇప్పుడు రాలేదంటే, కుప్పలో చెయ్యి పెట్టి చూడకుండానే అందరూ నమ్ముతున్నారు. బాలవ్వకు ఇదే ఎక్కువ భయంగా ఉంది.